పాలకేంద్రానికి పవర్ సప్లై

తరిగొప్పుల,
3 జులై 2025

చిరంజీవి ఓదెలుకు మేనత్త రాజమణి దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, బర్రెలు, ఇరుగుపొరుగు అందరం క్షేమం. కంప్యూటర్ ఒక్కటే క్షేమంగా లేదు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్‌లో నువ్వు చెప్పేది సగం నీ దుకాణంలో గిరాకీల గోలకే పోతుంది. మిగతా సగం నేను మరిచిపోతాను. కాగితం మీద ఉంటే అద్దాలు పెట్టుకుని పదిసార్లు చదువుకుంటాను. మహబూబాబాద్‌లో కంప్యూటర్ల దుకాణం పెట్టిన మేనల్లుణ్ణి పెట్టుకుని పరాయివాళ్లను ఎందుకు అడగాలి?

సంగతేమిటంటే, పొద్దున పాలు పోసేవాళ్లు వరుసలో నిలబడగానే కంప్యూటర్ టప్పున ఆగిపోతున్నది. ఎవరివి ఎన్ని లీటర్లు, ఫ్యాటు ఎంత అన్న చీటీ రావడం లేదు. మొన్న కట్టమ్మ నా మొహం మీదే అడిగింది, “చీటీ ఇస్తవా, నా పాలు నాకు ఇస్తవా?” అని. డెయిరీ సూపర్‌వైజర్ భిక్షం కూడా వచ్చి తెగేసి చెప్పాడు: “అక్కా, ఆగస్టు ఒకటి నుంచి పది దినాలు చూస్త. ఒక్కపారి ఆగినా నీ కేంద్రాన్ని పక్కూరి స్వరూప కేంద్రంల కలుపుత. మల్ల నన్ను అనొద్దు.”

పదకొండేళ్లుగా నడుపుతున్నాను అల్లుడా. మీ మామ పోయినప్పుడు నేను మంచం పట్టకుండా లేచి తిరిగానంటే పొద్దున్నే తలుపు తట్టే ఈ పాలవాళ్ల వల్లనే. ఇది పోతే నాకు తెల్లారడం ఎందుకో కూడా తెలియదు.

జనగామలో ఒక దుకాణాయన లోపలి పవర్ సప్లై చెడిందని ఒక కొత్త డబ్బా చూపించాడు, నేను తీసుకోలేదు. అది ఎటువంటిది కొనాలో వివరంగా రాయి.

ఇట్లు,
నీ మేనత్త రాజమణి

తా.క. మన ఊళ్లో మోటార్లు చుట్టే పరశురాములు “ఒకటి గట్టిగ చరిచి సూడక్కా” అన్నాడు. చరిచాను. రెండు రోజులు చక్కగా నడిచింది. అప్పటి నుంచి వాడి మాట మీద నాకు గురి కుదిరింది.

మహబూబాబాద్,
6 జులై

రాజమణి అత్తమ్మకు ఓదెలు దండం పెట్టి రాస్తున్నాను. మేమందరం బాగున్నాం. అన్నిటికంటే ముందు ఒక మాట: ఇకమీదట దాన్ని చరచవద్దు.

గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటర్‌కు పడే కరెంటుగా మార్చి ఇచ్చే డబ్బానే పవర్ సప్లై. అందరూ తెర పెద్దదా, రంగులు బాగున్నాయా అని చూస్తారు కానీ దీని ముఖం ఎవరూ చూడరు. ఎవరూ చూడరు కాబట్టే దీంట్లోనే మోసం ఎక్కువ. పాలలో నీళ్లు కలిపినట్టే వాట్లలోనూ కలుపుతారు అత్తమ్మా. పైన పెద్ద అక్షరాలతో 500 అని రాస్తారు. నువ్వు పక్కనున్న చిన్న అక్షరాల పట్టీ చూడాలి. అందులో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి, పన్నెండుతో గుణించు. అసలు సరుకు ఎంతో అక్కడ తేలిపోతుంది.

ఇంకొకటి, 80 ప్లస్ అనే గుర్తు ఉండాలి. అంటే కరెంటును వేడిగా మార్చి వృథాగా పారబోయదని. ఐదేళ్ల గ్యారంటీ ఉండాలి. పొద్దున పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి వేయగానే మన దగ్గర కరెంటు నీరసించిపోతుంది కదా, ఆ తక్కువ వోల్టేజీకి కూడా తట్టుకునేది కావాలి. నీ కంప్యూటర్‌కు నూటాయాభై వాట్లు మించి అక్కర్లేదు. అయినా నిబ్బరంగా ఉంటుందని 450 వాట్లది మంచిది చూసి బస్సు పార్శిల్‌లో వేస్తున్నాను. ఇది నా బహుమతి. ఎంతయిందని అడిగావంటే ఊరుకోను.

ఇట్లు,
ఓదెలు

తా.క. పరశురాములు బాపుకు నా నమస్కారాలు. కంప్యూటర్‌కు నాలుగడుగుల దూరంలో నిలబెట్టి చెప్పు.

తరిగొప్పుల,
11 జులై

చిరంజీవి ఓదెలుకు రాజమణి దీవెనలు. నీ డబ్బా భద్రంగా చేరింది. పాల కాంటా మీద పెట్టి తూచాను. కిలో ఏడు వందల గ్రాములు వచ్చింది. పరశురాములు రెండు చేతులతో ఎత్తి చూసి, “బరువున్నది. లోపట రాగి ఉన్నట్టే” అని ఒప్పుకున్నాడు.

నీ ఉత్తరం పట్టుకుని జనగామ కూడా పోయివచ్చాను. ఆ దుకాణాయన నాకు అంటగట్టాలని చూసిన డబ్బా మళ్లీ చూపించమన్నాను. పైన 500 అని ఉంది. చిన్న పట్టీలో పదహారు ఆంపియర్లు ఉన్నాయి. అక్కడే గుణించాను. నూట తొంభై రెండు! “పటేలా, ఐదు వందల్ల మూడు వందలు నీళ్లే పోసినవా?” అన్నాను. పాపం, చాయ్ తెప్పించాడు. తాగి వచ్చాను.

ఇంటికి వచ్చి నీ డబ్బాకు పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాను. దూరంగానే కొట్టాను, ఒక్క చుక్క కూడా పడలేదు. నా దగ్గర ఉండి చదువుకున్న పిల్లవాడు సంపాదించి పంపిన వస్తువని వచ్చినవాళ్లందరికీ చూపించాను.

అంతా బాగుంది కానీ కంప్యూటర్ మాత్రం ఆగుతూనే ఉంది. ఈ వారంలోనే నాలుగుసార్లు ఆగింది. భిక్షం చెప్పిన తారీఖు దగ్గర పడుతున్నది. ఏం చేయాలో వెంటనే రాయి.

ఇట్లు,
రాజమణి

తా.క. 450 వాట్లంటే రోజంతా 450 కాలుతూనే ఉంటుందా అని పరశురాములు అడగమన్నాడు. తను అడిగినట్టు రాయొద్దన్నాడు.

మహబూబాబాద్,
14 జులై

అత్తమ్మకు ఓదెలు దండాలు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. భూపాలపల్లిలో ఒక బడికి సరిగ్గా ఇదే రకం ఎనిమిది కంప్యూటర్లకు బిగించాను. రెండేళ్లు దాటింది, ఒక్కటి కూడా ఆగలేదు. నీ దగ్గరికి వచ్చేసరికి దీనికేం రోగం వచ్చింది?

నేను బాగా ఆలోచించాను. లోపం మీ గోడలో ఉండాలి. ఎర్తింగ్ సరిగా లేదేమో. కేంద్రం పక్కన నడుము లోతు గుంత తవ్వించు. అందులో ఇనుప పైపు దింపి చుట్టూ ఉప్పు, బొగ్గు వరుసలు వరుసలుగా నింపించు. తీగ మాత్రం తెలిసినవాళ్లతోనే కలిపించు. రోజూ ఒక బకెట్ నీళ్లు పొయ్యి.

అది చాలదన్నట్టు 550 వాట్లది, ఇంకా పై రకం, ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. మొదటిది నాకు తిప్పి పంపు. కంపెనీవాళ్లతో తేల్చుకుంటాను. నా మొదటి బహుమతే ఇట్లా అయిందంటే నాకు తల కొట్టేసినట్టుంది.

ఇట్లు,
ఓదెలు

తా.క. పరశురాములు బాపు అడగని ప్రశ్నకు జవాబు: పది లీటర్ల క్యాను తెచ్చుకున్నంత మాత్రాన రోజూ పది లీటర్లు పోయాలని లేదు. ఎన్ని కావాలంటే అన్నే తీసుకుంటుంది.

తరిగొప్పుల,
21 జులై

చిరంజీవి ఓదెలుకు రాజమణి దీవించి రాస్తున్నది.

గుంత తవ్వించాను. ఊరు ఊరంతా వచ్చి చూసింది. తండా నుంచి పాలు తెచ్చే మంగ్లీ తొంగి చూసి, “నీళ్లు పడ్డయా అక్కా?” అని అడిగింది. ఉప్పు పోస్తుంటే, “ఉప్పునీళ్లు పడ్డట్టున్నయ్” అని తనే చెప్పుకుని పోయింది. తీగ కరెంటాయనే వచ్చి కలిపాడు. రోజూ బకెట్ నీళ్లు పోస్తున్నాను. నేను మరిచిపోతే పాలు పోసేవాళ్లే గుర్తుపెట్టుకుని పోస్తున్నారు. గుంత దివ్యంగా ఉంది. కంప్యూటర్ మాత్రం నిన్న కూడా ఆగింది.

రెండో డబ్బా ముట్టింది. రెండు కిలోలకు యాభై గ్రాములు తక్కువ. ఒకటి ఉండగా రెండోది ఎందుకు పంపావో నాకైతే అర్థం కాలేదు. నీ చేతికి ఎముక లేదు. మొదటిది ఎందుకు అడిగావో అదీ తెలియలేదు. అడిగావు కాబట్టి పంపుతున్నాను. ఒక్క గీత కూడా పడకుండా చూసుకున్నాను.

ఇంక పది రోజులే ఉంది అల్లుడా. భిక్షం నిన్న గుంత చుట్టూ ఒకసారి తిరిగి తన కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. పాలు పోసేవాళ్లతో నవ్వుతూ మాట్లాడుతున్నాను కానీ లోపల నాకు గుబులుగా ఉంది.

ఇట్లు,
రాజమణి

తా.క. నీ మీద నాకేమీ కోపం లేదు. కంప్యూటర్ మీదే. నీ మీద ఉన్నది చాలా కొంచెం.

మహబూబాబాద్,
24 జులై

అత్తమ్మా,

దండాలు తరువాత పెడతాను. ముందు నువ్వు కూర్చో.

నీ పార్శిల్ విప్పాను. మొదట పట్టుచీర ముక్క వచ్చింది. దాని కింద పాత కాగితాలు. వాటి కింద రెండు కలరా ఉండలు. వాటి నడుమ నా డబ్బా, పసుపు కుంకుమలతో, పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు. తీగలకు కంపెనీవాళ్లు కట్టిన కట్లు కట్టినట్టే ఉన్నాయి. నా దుకాణంలో ఇప్పటికీ కలరా ఉండల వాసనే. వచ్చిన గిరాకీలు ఇది బట్టల కొట్టా అని అడుగుతున్నారు.

అత్తమ్మా, ఇది ఒక్కనాడన్నా కంప్యూటర్ లోపలికి పోయిందా?

నేను ముందే గ్రహించాల్సింది. ఎనిమిదో తరగతిలో నాకు కొత్త ప్యాంటు కుట్టించి దసరాకని బీరువాలో పెట్టావు. దసరా వచ్చేసరికి అది నా మోకాళ్ల దగ్గర ఆగింది. నువ్వు మారలేదు. నీ అంత మొండిది మా వంశంలో మరొకరు లేరు. నేను ఇక్కడ కంపెనీవాళ్లతో కొట్లాడాను. వాళ్లు మూడుసార్లు క్షమాపణ చెప్పారు. ఆ పాపం ఎవరిది?

డబ్బాను తిప్పి పంపుతున్నాను. పరశురాములు బాపుతో చెప్పు: ప్లగ్గు పూర్తిగా ఊడదీసి, పాతదాని నాలుగు మరలు విప్పాలి. కొత్తదాన్ని అదే చోట పెట్టి, వెడల్పు తీగ ఒకటి, చిన్న తీగ ఒకటి, డిస్కు తీగ ఒకటి, పాతవి ఎక్కడున్నాయో అక్కడే పెట్టాలి. డబ్బా మూత మాత్రం విప్పొద్దు. ఇంతే పని. ఇవాళే చేయించు. పండుగ ఇవాళే అనుకో.

ఇట్లు,
తల పట్టుకుని కూర్చున్న ఓదెలు

తా.క. రెండోది కూడా బీరువాలోనే ఉందా? జవాబు రాయకు. నాకు తెలుసు.

తరిగొప్పుల,
11 ఆగస్టు

చిరంజీవి ఓదెలుకు మొండి మేనత్త రాజమణి దీవించి రాస్తున్నది.

ముందు నా మాట విను. భిక్షం చూస్తానన్నది ఆగస్టు ఒకటి నుంచి. కొత్తది ఆ రోజు పొద్దున పెడదామనుకున్నాను. కొత్త వస్తువు కొన్న రోజే ఎవరైనా వాడుకుంటారా? ఈలోపు పాతదాన్ని ఎట్లా సంబాళించాలో చెప్పమని నిన్ను అడిగాను. నువ్వు గుంత తవ్వమన్నావు, తవ్వాను. ఇంకొకటి కూడా ఉంది. నువ్వు నీ కష్టంతో నాకు పంపిన మొదటి వస్తువది. మట్టి, పాల మరకల మధ్య పెట్టడానికి నాకు మనసు రాలేదు. అంతే.

నీ ఉత్తరం అందిన రోజే పరశురాములు బిగించాడు. అప్పటి నుంచి ఒక్కసారి ఆగితే ఒట్టు. ఒకటో తారీఖు, రెండు, మూడు, అట్లా ఎనిమిది దాకా చీటీలు టకటకా వచ్చాయి. కట్టమ్మ తన చీటీ తీసుకుని, “గిప్పుడు ముచ్చట” అన్నది. కట్టమ్మ నోట అది పెద్ద పొగడ్త.

తొమ్మిదో తారీఖు పొద్దున పక్కూరి స్వరూప ఆటో దిగి ఏడుస్తూ వచ్చింది. తన కంప్యూటర్ వెనక నుంచి పొగ వచ్చిందట. జనగామలో ఆ 500 అని రాసిన నీళ్ల డబ్బానే కొన్నదట. “అక్కా, భిక్షం నాకు గూడ గదే చెప్పిండు. పది దినాలల్ల నాది ఆగితే నీదాంట్ల కలుపుతనన్నడు. ముప్పై ఇండ్ల పాలు క్యాన్లల్ల నిలవడ్డయ్. ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకుని నేను ఎట్ల బతకాలె?”

నీ దగ్గర దాచను అల్లుడా. ఒక్క క్షణం సంతోషమయింది. నేను నోరు మూసుకుంటే చాలు, రెండూళ్ల పాలు నా గుమ్మంలోకే వస్తాయి. తరువాత ఆ పిల్ల మొహం చూశాను. మీ మామ పోయినప్పుడు అద్దంలో నేను చూసుకున్న మొహమే. సిగ్గేసింది. బీరువా తెరిచి నీ రెండో డబ్బా తీశాను. పరశురాములు బండి మీద వెనక కూర్చుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని పోయాను. వాడు మరలు బిగిస్తుంటే టార్చి నేనే పట్టుకున్నాను. కంప్యూటర్ మళ్లీ లేచేసరికి పాలు ఇంకా విరగలేదు.

నేను వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో భిక్షం! ఎప్పటి నుంచి చూస్తున్నాడో తెలియదు. “అక్కా, గిది నీదే గదా? ఈమెది బందయితే నీకే లాభముండె,” అన్నాడు. “ఎండ ముదురుతున్నది. ముందుగాల పాలు కొలవనియ్యి” అన్నాను. అతను వరుస అంతా అయ్యేదాకా నిలబడి, తన కాగితం తీసి కొట్టేసి, మళ్లీ రాశాడు. “ఒకదాంట్ల ఒకటి కలుపుదామని నేనొస్తే మీరిద్దరు ముందుగాల్నే కలిసిండ్రు. నేనింక కలిపేదేమున్నది? రెండూ ఉండనీయ్.”

ఇవాళ సంతకం పెట్టిన కాగితం వచ్చింది. నా కేంద్రం నాకే ఉంది, స్వరూపది స్వరూపకే ఉంది. నీ బహుమతి పరాయి ఊళ్లో పెట్టాననుకోకు. నిన్ను పెంచినందుకు నాకు ఎంత గర్వంగా ఉందో ఈ కాగితంలో పట్టదు. వీలు చూసుకుని ఒకసారి రా, కడుపునిండా పెట్టాలని ఉంది.

ఇట్లు,
నీ మేనత్త రాజమణి

తా.క. మంచిది కొనడం ఎట్లనో అందరికీ తెలియాలని స్వరూప నీ ఉత్తరాలన్నీ తీసుకుపోయి తన కేంద్రం గోడకు అంటించింది. నన్ను మొండిదానివన్న చోట మాత్రం నేనే పసుపు పూసి వచ్చాను. అందరూ దానికే ముందు దండం పెడుతున్నారట.