ఒక్క గుక్కలో

ఏప్రిల్ 18
మా హెల్త్ సెంటర్‌లో షుగర్ మాత్రలు, గర్భిణీల చెకప్, పిల్లల టీకాలు అన్నీ బంద్. ఇక కరోనా జ్వరాలే. డాక్టర్‌గారికి పెద్దాసుపత్రిలో డ్యూటీ వేశారు. మిగిలింది నర్సులం ఇద్దరం, రెండు ఫోన్లు. వేలికి పెట్టే ఆక్సీమీటర్లు అందరికీ చాలవు. ఇళ్లలో ఉన్న పేషెంట్లని ఫోన్లో ఆగకుండా మాట్లాడించమని, మాట మధ్యలో ఆయాసపడితే అంబులెన్స్ పంపమని చెప్పి వెళ్లారాయన.

ఏప్రిల్ 20
పిన్నికి పాజిటివ్. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. ఏదో ఒకటి ఆపకుండా చెప్పమంటే, ఏం చెప్పాలే నా మొహం అంది. పోనీ నన్ను తిట్టు అన్నాను. అంతే! నేను మాస్కు పెట్టుకునే తీరు దగ్గర ఎత్తుకుని నా వంట, నా జుట్టు, మా ఆయన నిద్ర, దేన్నీ వదల్లేదు. ఒక్క గుక్కలో ఏకిపారేసింది. స్పీకర్లో విని రెండో సిస్టర్ పడీపడీ నవ్వింది.

ఏప్రిల్ 21
ఇవాళ నా పెళ్లిచూపుల దాకా వెళ్లింది. భేష్.

ఏప్రిల్ 23
డెలివరీ రూములో ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండర్‌నీ పెద్దాసుపత్రికి పట్టుకుపోయారు. అక్కడ అవసరం ఎక్కువట. మరి ఇక్కడెవరికైనా ఆయాసం వస్తేనో అని అడిగితే, అక్కడికే పంపమన్నారు. ఒళ్లు మండిపోయింది.

ఏప్రిల్ 24
ఇవాళ తిట్లు మా ఆయన దాకా రాలేదు. మధ్యలో ఆగి, దగ్గొచ్చిందే అంది. నాకే దగ్గూ వినపడలేదు. ఆస్పత్రికి వెళ్దువుగాని అంటే, బెడ్డుందా అని ఎదురడిగింది. లేదు. పొద్దుటినుంచి అందరికీ ఆ మాట చెప్తున్నది నేనే కదా.

ఏప్రిల్ 25, ఉదయం
తిట్టమన్నాను. బంగారు తల్లివి, నిన్నెందుకు తిడతానే అంది.
పిన్ని జన్మలో నన్ను అంత మాట అనలేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, ఒళ్లంతా కప్పే పీపీఈ కిట్ తొడుక్కుని పరిగెత్తాను.

సాయంత్రం
పిన్ని పెదాలు నీలంగా ఉన్నాయి. ఆ కిట్‌లో నన్ను పోల్చుకోలేదు. ఎవరండీ అంది. మా అమ్మాయికి చెప్పకండి, హడలిపోతుంది అంది. నేనే పిన్నీ అని అరిచాను. వినపడిందో లేదో.
పిన్ని ఇల్లు మా సెంటర్‌కి వెనక వీధే. సిలిండర్ ఉంటే దొర్లించుకుంటూ తెచ్చేదాన్ని. అంబులెన్స్ వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఏప్రిల్ 29
మళ్లీ డ్యూటీ. మధ్యాహ్నం డెలివరీ రూము తలుపేసుకుని, సిలిండర్ ఉండే మూల నిలబడి, పిన్ని తిట్లన్నీ వరసగా నన్ను నేనే తిట్టుకున్నాను. నా వంట, నా జుట్టు, మా ఆయన నిద్ర.
నాకు ఊపిరి సరిపోయింది.