బ్యాంకులో ముద్ర వేయించిన కాగితం

నెబ్రాస్కా
మార్చి 4

మా నదీన్ అక్కకు,

ముందు కూర్చో. తిట్టాలనుకుంటే మొత్తం చదివాక తిట్టు. షెరిల్ నా కూతుర్ని నాకు చూపించడం లేదని ఎనిమిదేళ్లుగా నీతో చెబుతూ వచ్చాను. నువ్వు నమ్మి, ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆవిడ ఎదురుపడితే మొహం తిప్పుకున్నావు. అది అబద్ధం అక్కా. టెస్సాను నేనే వదులుకున్నాను.

ధాన్యం గోదాములో నడుం దెబ్బతిని మంచానపడ్డ ఏడాది గుర్తుందిగా. అప్పటికే షెరిల్, నేను విడిపోయాం. ఐదేళ్ల పిల్ల ఖర్చుకు ఇస్తానన్న డబ్బు ఇవ్వలేకపోయాను. ఆవిడ నన్ను అడిగి అడిగి విసిగిపోయింది. "నువ్వు డబ్బూ ఇవ్వొద్దు, మా గుమ్మమూ తొక్కొద్దు. పీడా పోతుంది," అంది. తండ్రిగా హక్కులన్నీ వదులుకుంటున్నానని, దాంతో నా బాధ్యతలూ తీరిపోయాయని రాసున్న పత్రం ఒకటి ఇంటర్నెట్లో దొరికితే అచ్చు తీసి తెచ్చింది. ఇద్దరం బ్యాంకుకెళ్లాం. నేను పాత ట్రక్కు అమ్మినప్పుడు సంతకం చూసి నోటరీ ముద్ర వేసిన అక్కడి అమ్మాయే దీనికీ వేసింది. "ఇంకేమైనా కావాలా?" అని నవ్వుతూ అడిగింది కూడా. బయటికొచ్చాక నాకు హాయిగా అనిపించింది. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆ హాయి మూడు రోజులు కూడా నిలవలేదు.

మాట మీద మాత్రం నిలబడ్డాను. సరుకుల కొట్లో టెస్సా కనిపిస్తే సామాన్లు వేసుకున్న బండి అక్కడే వదిలేసి బయటికొచ్చేసేవాణ్ణి. జూలై నాలుగు, స్వాతంత్ర్య దినం ఊరేగింపులో క్లారినెట్ వాయిస్తూ వెళ్తుంటే జనం వెనక నక్కి చూశాను. దగ్గరికెళ్తే చట్టం తప్పినట్టవుతుందని భయం.

ఇప్పుడు పిల్లకు షుగరు వచ్చింది. ఇన్సులిన్ కోసం షెరిల్ ప్రభుత్వ సాయం అడిగింది. తండ్రెవరని వాళ్లడిగారు. పిల్ల ఖర్చు కట్టమని కోర్టు నుంచి నాకు నోటీసొచ్చింది. విప్పొద్దని చెప్పి నీ దగ్గర దాచిన కవర్లో ఆ కాగితం ఉంది. పంపించు. అది చూపిస్తే బయటపడతానేమో. చూడు, ఇప్పుడు కూడా బయటపడటం గురించే ఆలోచిస్తున్నాను.

నీ తమ్ముడు,
వెండెల్


మార్చి 27

అక్కా,

కాగితం అందింది. దాంతో పాటు నువ్వు రాసిన నాలుగు ముక్కలూ అందాయి. ఇంకా గట్టిగా తిట్టాల్సింది.

జడ్జి పెద్దావిడ. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "పిల్లేమన్నా ట్రక్కా, బ్యాంకులో ముద్ర వేయించి చేతులు మార్చుకోడానికి?" అంది. "ఈ అమ్మాయిని ఇంకెవరైనా దత్తత తీసుకున్నారా?"

"లేదండి."

"పోనీ, ఏ కోర్టయినా మీ హక్కులు తీసేసిందా?"

"లేదండి."

"అయితే ఇది చెల్లదు. హక్కులొద్దని మీరు రాసిచ్చినంత మాత్రాన పిల్ల ఖర్చు తప్పుతుందా? అప్పుడూ మీరే తండ్రి, ఇప్పుడూ మీరే. పిల్లను చూడనివ్వమని ఎప్పుడైనా ఈ కోర్టుకొచ్చి అడిగుండొచ్చు."

నెలనెలా జీతంలో కోత పడుతుంది. దానికి నాకు బాధ లేదు. ఆ చివరి మాటే తట్టుకోలేకపోయాను. షెరిల్ తలొంచుకుంది. పాపం, తనూ ఆ కాగితాన్ని నమ్మింది.

బయట బెంచీ మీద టెస్సా కూర్చుంది. పదమూడేళ్లకే ఎంత పొడుగైందో! అచ్చం మన అమ్మ ముక్కే. తల్లి వెళ్లి ఏదో చెప్పాక లేచి నా దగ్గరికి వచ్చింది.

"ఆ కాగితం చెల్లదంటగా?"

"చెల్లదమ్మా."

"అంటే ఇన్నాళ్లూ మీరు రావచ్చన్నమాట."

"నాకు తెలీదు. రాకూడదనుకున్నాను."

"తెలుసుకోవచ్చుగా? ఎవర్నైనా ఒక్కసారి అడగొచ్చుగా?"

గట్టిగా కూడా అనలేదు. తర్వాత వెళ్లి కారెక్కింది.

అడగలేదక్కా. ఎనిమిదేళ్లలో ఒక్కరినీ అడగలేదు. అడిగితే డబ్బు కట్టమంటారేమోనని అడగలేదు.

వెండెల్