పొట్టి ట్రాక్ మీద పెద్ద రికార్డు

మార్చి 9, ఆదివారం
స్టేడియం, కోచ్‌ల గది

క్రీడా సమాఖ్య అధ్యక్షులవారికి, మాజీ సైన్యాధికారిగారికి, అన్నిటికంటే ముందు మా నాన్నకి,

మీ పెద్దమ్మాయి నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, పిల్లలూ బాగున్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం. కుశలప్రశ్నలు అయిపోయాయి కాబట్టి ఇక అసలు సంగతికొస్తాను. కళ్ళజోడు పెట్టుకుని కాస్త తీరిగ్గా కూర్చోండి.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటారేమో. మొదటిసారి చేస్తే మీటింగుందన్నారు. రెండోసారి ఎవరో వచ్చారన్నారు. మూడోసారి నా గొంతు వినగానే ఫోను అమ్మ చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయారు. సైన్యాన్ని నడిపిన మనిషి కూతురి ఫోనుకి ముఖం చాటేయడమేమిటి నాన్నా? అమ్మకి పాపం ఏం చెప్పాలో తెలియక చాలాసేపు చట్నీ గురించి మాట్లాడింది. అందుకే ఈ ఉత్తరం.

మీరు దేన్నుంచి తప్పించుకు తిరుగుతున్నారో నాకు తెలుసు. మా స్టేడియం ట్రాక్ కొలతల రిపోర్టు మూడు వారాలుగా మీ బల్ల మీద ఉంది. పాత ట్రాక్ పీకి కొత్తది పరిచే ముందు సర్వేయర్లు టేపు పట్టుకుని వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చుట్టుకి నాలుగు వందల మీటర్లుండాలి కదా, నాలుగు మీటర్లు తక్కువొచ్చింది. టేపు ఎక్కడో మెలిక పడిందేమోనని మళ్ళీ కొలిపించాను. అంతే వచ్చింది. ఎప్పుడో గ్యాలరీ పెంచడానికి ఒక వంపుని లోపలికి జరిపారట. జరిపినవాళ్ళు మళ్ళీ కొలవలేదు, మేం కొలవకుండానే ఏళ్ళ తరబడి పరిగెత్తాం.

ఐదు వేల మీటర్ల పరుగంటే పన్నెండున్నర చుట్లు. అంటే ఈ ట్రాక్ మీద నేను జాతీయ రికార్డు పెట్టిన రోజు యాభై మీటర్లు తక్కువ పరిగెత్తానన్నమాట. మీ ఆఫీసు గోడ మీద నల్ల బోర్డులో ఇన్నేళ్ళుగా ఉన్న నా పేరు అక్కడ ఉండకూడదు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు నాన్నా, అయినా రాస్తున్నాను. ఆ రోజు సర్వేయర్లు వెళ్ళిపోయాక సామాన్ల గదిలో కూర్చుని బాగా ఏడ్చాను. నా కాళ్ళు అబద్ధం ఆడలేదు, ట్రాక్ ఆడింది. కానీ ఆ తేడా బోర్డు చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

సరే, నా ఏడుపు నాది. అంతటితో పోయేదైతే మీరు ఆ రిపోర్టుని ఎన్నాళ్ళు నానబెట్టినా ఊరుకునేదాన్నేమో. ఊరుకోకపోవడానికి కారణం నా దగ్గర శిక్షణ తీసుకునే ఒక పిల్ల. పోయిన నెల వేరే ఊళ్ళో, సరిగ్గా కొలిచిన కొత్త ట్రాక్ మీద ఐదు వేలు పరిగెత్తింది. నా రికార్డు కంటే నాలుగు సెకన్లు ఎక్కువ పట్టింది. ఆ యాభై మీటర్లు నేనూ పరిగెత్తి ఉంటే నాకు తొమ్మిది పది సెకన్లు ఎక్కువ పట్టేవి. అంటే ఈ దేశంలో ఆ దూరాన్ని అందరికంటే వేగంగా పరిగెత్తిన ఆడపిల్ల తనే. రికార్డు దాటలేదు కాబట్టి ఆ ఫలితం మీదాకా రానే లేదు, గుమాస్తా ట్రేలోనే ఉండిపోయింది. అంతర్జాతీయ పోటీలకి పేర్లు పంపడానికి ఆఖరి రోజు ఈ శుక్రవారం. జాతీయ రికార్డు దాటినవాళ్ళకే ప్రయాణమని రూలు పెట్టింది మీరే. లేని రికార్డొకటి అడ్డం పడి ఆ పిల్ల ఇంట్లో కూర్చోవాలా?

మీరు రిటైరై సమాఖ్యకి వచ్చిన మొదటి రోజు గుర్తుందా? అధికారులు పూలగుత్తులు పట్టుకుని వరసగా నిలబడితే, అవి పక్కన పెట్టించి, ముందు ఆటగాళ్ళ హాస్టల్లో మరుగుదొడ్లు చూపించమన్నారు. వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఆడపిల్లల వైపు తలుపులకి గడియలే లేవు. వారం తిరక్కుండా గడియలొచ్చాయి. తర్వాత టీం మేనేజర్లమని చెప్పి విమానాలెక్కే అధికారుల బావమరుదులందరినీ దింపేశారు. ఫైలు మీద 'పరిశీలనలో ఉంది' అని ఎవరూ రాయకూడదని, ఔనో కాదో రాసి సంతకం పెట్టాలని ఆర్డరేశారు. సొంత తమ్ముడి కొడుకు రికార్డు దాటలేదని టీములోంచి ఆపేశారు. పిన్ని మన గడప తొక్కి రెండేళ్ళయింది. అమ్మ ఎంత పోరు పెట్టినా మీరు ఒక్క మెట్టు దిగలేదు. అప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో మీకెప్పుడూ చెప్పలేదు.

మొన్న మీ పీఏగారికి ఫోన్ చేసి ఆ రిపోర్టు సంగతేమిటని అడిగాను. పరిశీలనలో ఉందమ్మా అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊరందరి విషయంలో ముక్కుసూటిగా పోయిన మనిషి నా దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. అది ప్రేమేనని నాకు తెలుసు. కానీ ఆ ప్రేమ నాకొద్దు నాన్నా. మరి మీరు టీములోంచి ఆపేసిన బాబాయి కొడుక్కి ఏమని జవాబు చెబుతారు? ఇదే కాగితం వేరేవాళ్ళ కూతురి గురించి వచ్చుంటే ఆ సాయంత్రానికే బోర్డు తుడిపించేవారు.

బుధవారం కార్యవర్గ సమావేశం ఉంది. రిపోర్టు మీరే బయటపెట్టి, నా రికార్డు రద్దు చేసి, ఆ పిల్ల పేరు పంపండి. మీరు పెట్టకపోతే నేనే లేచి చెబుతాను. కోచ్‌ల తరఫున నాకూ ఆ గదిలో ఒక కుర్చీ ఉంది. అది వేయించింది కూడా మీరే. నన్ను కూర్చోమనడానికి చూడకండి, నేను కూర్చోను.

అమ్మకి అంతా చెప్పాను. మీ నాన్నకి నేనేం చెప్పను, నువ్వే రాయి అంది. మీ అల్లుడు మాత్రం ఇక ఇంట్లో రికార్డు హోల్డరునని పెత్తనం చేయడం కుదరదని సంబరపడుతున్నాడు. ఆయన పని తర్వాత చూస్తాను.

మందులు వేళకి వేసుకోండి. బుధవారం కలుద్దాం.

మొండితనం మీ దగ్గరే నేర్చుకున్న
మీ పెద్దమ్మాయి

తా.క.: ఆ పిల్ల పేరుగానీ ఇంటిపేరుగానీ ఎక్కడా రాయలేదు, గమనించారా? కావాలనే రాయలేదు. మీరు వచ్చిన ఏడాదే పదవిలోంచి తీసేసిన పాత కార్యదర్శి ఉన్నాడే, ఆయన కూతురు. అప్పట్నుంచీ పేపర్లకెక్కి మిమ్మల్ని తిడుతున్నదీ, నాది దొంగ రికార్డని చెప్పుకు తిరుగుతున్నదీ ఆయనే. ఏదో తెలిసి కాదు, కడుపుమంటతో అన్నాడు. తీరా చూస్తే ఆయన మాటే నిజమైంది. మీరు సంతకం పెట్టిన రోజు అందరి ముందూ నవ్వుతాడు, నవ్వనివ్వండి. మొదటి రోజు ఆ పిల్ల నా ఎదురుగా తల దించుకుని నిలబడి, "మా నాన్న అన్న మాటలకి నన్ను వెళ్ళగొట్టరుగా మేడమ్?" అని అడిగింది. వెళ్ళగొట్టనని మాటిచ్చాను. మీ తరఫున కూడా ఇచ్చేశాను నాన్నా.