కార్డు మీద మూడో సంతకం

తమ్ముడూ,

ఆశీస్సులు. కోపం చల్లారాకే ఇది చదువు.

ఈ ఉదయం ప్రార్థన ముగించుకుని పనిగదిలోకి వచ్చాను. బల్లలు తుడిచాను, మూడు పెన్సిళ్లు చెక్కాను. నువ్వూ చిన్నక్కా అప్పటికే వాదన మొదలుపెట్టేశారు. సరెండర్ అన్న ఒక్క మాట మీద ఇది నాలుగో రోజు.

"మొదటి అర్థం 'లొంగిపోవు'. బడిపిల్లల నిఘంటువు చిన్నక్కా ఇది, బీమా పాలసీలు అమ్మే పుస్తకం కాదు" అన్నావు.

"ఎవడి లైసెన్సు వాడు సరెండర్ చెయ్యడట్రా? పొద్దున లేస్తే యుద్ధాలేనా? 'అప్పగించు' ముందు రాయి. నీకంటే ముందు పుట్టాను" అంది తను.

"పుట్టావులే. తెలివే ఇంకా దారిలో ఉంది."

ఆ మాట రాసిన కార్డు జేబులో కుక్కుకుని, ఇక ఈ గుమ్మం తొక్కనని వెళ్లిపోయావు. శుక్రవారం అచ్చుకు వెళ్లాల్సిన నిఘంటువు నీ జేబులో ఆగిపోయింది.

విసుగొచ్చింది తమ్ముడూ. దేవుడి ముందు కళ్లు మూసుకున్నా మీ గొంతులే. ఆ మాటకు అర్థం రాయడానికి ప్రాణాలు పెడుతున్నారు, ఆ పని చేయడం మాత్రం ఇద్దరికీ చేతకాదు.

ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మన ముగ్గురి సంతకాలూ పడితేనే ఏ కార్డయినా అచ్చుకు వెళ్లాలన్నది నాన్న పెట్టిన పద్ధతి. ఈ నాలుగు రోజుల్లో నా మాట ఏమిటని ఒక్కరైనా అడిగారా? పెద్దక్క ఎలాగూ పెట్టేస్తుందిలే అనుకున్నారు. అలా అలవాటు చేసింది నేనే. కిటికీ దగ్గరి బల్ల నీ కళ్ల కోసం ఇచ్చాను. నాన్న నాకు పంచిన అక్షరాల్లో సగం చిన్నక్క అడిగితే ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ కష్టమనిపించింది. దేవుడికి చెప్పుకున్నాను, మీకు చెప్పలేదు. నేను నవ్వుతూ ఇచ్చానని మీరు నమ్మారు.

సాయంత్రం చిన్నక్కా నేనూ కూర్చున్నాం. నీ భార్య కూడా వచ్చింది. "కార్డు దిండు కింద దాచారు వదినా, అడిగితే ఉరిమి చూస్తున్నారు" అంది. చిన్నక్క నవ్వాపుకోలేకపోయింది. నవ్వాక మెత్తబడింది.

నువ్వు వచ్చేదాకా పుస్తకం అచ్చుకు వెళ్లదు. ప్రెస్సాయనకు నేనే చెప్పాను. నీ అర్థమే ముందు వేయడానికి చిన్నక్క ఒప్పుకుంది. "వాడికి చెప్పకు, నెత్తికెక్కుతాడు" అంది. చెబుతున్నాను.

రేపటి నుంచి కిటికీ దగ్గరి బల్ల నాది. నా చూపూ తగ్గింది. గోడ పక్క బల్ల మీద నీ కళ్లద్దాల పెట్టె పెట్టాను, దీపం బిగించాను.

తొమ్మిదికల్లా రా. కార్డు తీసుకురా. ఈసారి చదివాకే సంతకం పెడతాను.

నీ
పెద్దక్క