ఏ పక్కకు పడుకుంటున్నవ్?

జెబెల్ అలీ క్యాంపు

లింగవ్వ అక్కా,

నీ తమ్ముడు బాగానే ఉన్నాడు, భయపడకు. ఫోన్‌లో అడిగితే మాట దాటేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల సైటులో నిచ్చెన మీది నుంచి పడ్డాను. నొప్పి తగ్గకపోతే మా ఫోర్‌మన్ హన్మాండ్లన్న దవాఖానకు తీసుకుపోయాడు. పని పోతుందన్న భయంతో డాక్టరు ఏమడిగినా "ఏం గాదు" అన్నాను. హన్మాండ్లన్న అదే హిందీలో డాక్టరుకు చెప్పాడు. డాక్టరు గోలీలు రాసి వెళ్ళిపోయాడు.

అక్కడ యొషిమి అని జపాన్ నర్సు ఉంది. ఆమె ఎవరి మాటా కాదనలేదు. "భాయ్, చాయ్ పీకే ఆవో" అని అన్నను చాయ్ తాగి రమ్మని మర్యాదగా బయటికి పంపి, పరదా లాగింది. నొప్పి ఉందా అని అడగలేదు. వచ్చీరాని హిందీలో, "రాత్రి ఏ పక్కకు పడుకుంటున్నవ్?" అంది. దానికి ఏం గాదని ఎట్లా చెప్పను? గోడకు ఆనుకొని కూర్చునే నిద్రపోతున్నానని చెప్పేశాను.

ఆమె డాక్టరును మళ్ళీ పిలుచుకొచ్చింది. ఎక్స్‌రే తీస్తే పక్కటెముకలు విరిగి ఉన్నాయి. కంపెనీ సెలవిచ్చింది, పని పోలేదు. నీకెట్లా తెలిసిందని ఆ నర్సును అడిగితే, "మా నాయన గూడ గట్లనే అనేటోడు. మా దిక్కు బాధ నోటితోని చెప్పరు. మేమే చూసి చెప్పాలె" అంది. ఆమె కడుపు చల్లగుండ.

ఇప్పుడు నీ సంగతి. కడుపునొప్పి ఎట్లుందంటే ఎప్పుడూ "ఏం గాదురా" అంటావు. ఈ ఉత్తరం నీ బిడ్డతోనే చదివించుకుంటావని తెలుసు. అక్కా, రాత్రి ఏ పక్కకు పడుకుంటున్నవ్?

లావణ్యా, చదువుడు ఆపి మీ అమ్మ మొఖం చూడు బిడ్డా.

నీ తమ్ముడు