నాన్న సమాధిలో అమ్మకు చోటు

తమ్ముడూ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదని రాస్తున్నాను. అమ్మకు ఊపిరి అందడం లేదు. దేవుడి దయ వల్ల తెలివి మాత్రం ఉంది.

సమాధుల తోటలో నాన్న పక్కన చోటు లేదు. అక్కడిక కొత్త గుంతలు తవ్వరట. నాన్న సమాధే తెరిచి, ఆయనను ఇంకా లోతుకు దించి, పైన అమ్మను ఉంచుతారట. లేదంటే ఊరవతల స్థలానికే పోవాలి.

"పిల్లల్లో ఒక్కరు కాదన్నా పార పట్టనమ్మా," అన్నాడు కాటికాపరి.

నాన్నను కదిపితే ఊరుకోనన్నావు. అమ్మేమో నవ్వింది. "ఇన్నాళ్లూ ఆయన గురక పక్కనుంచి విన్నాను, ఇక పైనుంచి వింటాలే. ఇంతకీ చిన్నాడేమన్నాడే?"

ఒప్పుకున్నాడని చెప్పేశాను. అప్పటినుంచి ప్రార్థనకు కూర్చుంటే నోట మాట రావడం లేదురా. ఒక్కసారి "సరేనమ్మా" అను. నీ గొంతు వినాలని ఫోన్ తలగడ కిందే పెట్టుకుంది.

పెద్దక్క