పెరటి గదిలో మైకు పెట్టరాదు

నేను, పినపోలు నూకరత్నం, కీర్తిశేషులు అబ్రహాంగారి భార్యను, రిటైర్డ్ తెలుగు పండితురాలిని, డెబ్బై ఆరేళ్ళ వయసులో, అనకాపల్లిలోని సొంతింట్లో కూర్చుని, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి ప్రవచనమూ వినకుండా, స్వదస్తూరితో రాస్తున్న వీలునామా ఇది. నా మతి బాగానే ఉంది. పోయినవి చెవులు. ఈ రెంటికీ తేడా నా కొడుకు జాకబ్‌కు తెలియదు. రేపు వాడు 'అమ్మకి అప్పటికే మతిపోయింది' అంటే, ఈ కాగితంలో ఒక్క అక్షరదోషం చూపించమనండి.

పేరు సంగతి. పెళ్ళికి ముందు నాకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారు, మా ఊరి అమ్మవారు నూకాలమ్మ పేరు తీసేసి ఎలీసమ్మ అని పెట్టుకోమన్నారు. దేవుడు ఇన్నాళ్ళూ నన్ను ఏ పేరున ఎరుగునో ఆ పేరునే ఎరగనివ్వండి అన్నాను. ఆస్తి కాగితాలన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి.

ఈ వీలునామా అమలు బాధ్యత మా స్కూల్లో లెక్కలు చెప్పిన తాతబ్బాయి మాస్టారిది. ఆయన దేవుణ్ణి నమ్మరు. కనుక దేవుడు చెప్పాడని షరతులు మార్చరు.

1. నన్ను మా ఆయన పక్కన పాతిపెట్టాలి. సమాధి దగ్గర మైకు వద్దు. నా సుగుణాల గురించి మాట్లాడతామని లేచేవాళ్ళను కూర్చోబెట్టాలి. కూర్చోకపోతే వాళ్ళకు కాఫీ ఇవ్వనక్కరలేదు.

2. ఇంటి ముందు భాగం జాకబ్‌కూ, నా కూతురు సుజికీ చెరిసగం, దానవిక్రయాది సర్వహక్కులతో. పంపకం దగ్గర కొట్టుకుంటే వీధిలో కొట్టుకోండి. అద్దాల బీరువా పాతది, తట్టుకోలేదు.

3. నా మెడలో గొలుసు, నిఘంటువు సుజికి. గొలుసు ఎలాగూ వేసుకుంటుంది. రెండోది తెరిచి చూస్తుందని ఆశ.

4. పక్కింటి కాసులమ్మకు నా రుబ్బురోలు. ఆవిడ ఉప్మాక వెంకన్న భక్తురాలు. జాకబ్ మైకులో ప్రార్థన చేయిస్తున్న ఒక ఆదివారం, గోడ మీదుగా, 'టీచరమ్మగోరూ, మీ దేముడికి సెవుడేటండీ? మీ అబ్బాయి అంతలా అరుత్తన్నాడు!' అంది. ఇన్నేళ్ళలో నేను విన్న ప్రసంగాలన్నిట్లోకీ అదే మేలైనది, పొట్టిది కూడా.

5. జాకబ్ మందిరంలో మైకు సెట్టు చూసుకునే క్రాంతికుమార్‌కు నా వినికిడి మిషను. దేవుడు ఈ అబ్బాయితో రోజూ మాట్లాడతాడట. ఏ రంగు మోటార్‌సైకిలు కొనాలో కూడా చెప్పాడట. నేను 'బాబూ, నీళ్ళు' అంటే మాత్రం వినబడదు. బ్యాటరీలు తనే కొనుక్కోవాలి.

6. పెరటి గది. ఈ కాగితమంతా దీని కోసమే.

నేను ప్రార్థన చేసుకోవడానికి మా ఆయన కట్టించిన గది. తెల్లారగట్ల వెళ్ళి, మిషను తీసి పక్కన పెట్టి, నోరు మూసుకుని కూర్చుంటాను. అడగడం లేదు, పాట లేదు. 'అలా ఊరికే కూకుంటే ఏటొత్తాదమ్మా?' అని జాకబ్ ఎగతాళి. చాలా రోజులు మోకాళ్ళ నొప్పే వస్తుంది. ఎప్పుడో ఒక మాట తోస్తుంది. నాకు ఇష్టమైన మాటైతే అది నా గొంతేనని తోసిపుచ్చుతాను. ఇష్టం లేనిదై, మర్నాడు వెళ్ళినా కదలకుండా అక్కడే ఉంటే, లేచి ఆ పని చేస్తాను. దేవుణ్ణి వినడమంటే నాకు తెలిసింది ఇంతే. దీనికి కరెంటు అక్కర్లేదు.

జాకబ్ తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీలో గుమస్తాగిరీ మానేసి, ఈ గది గోడకు ఆనించి రేకుల షెడ్డు వేసి, దానికి మందిరమని పేరు పెట్టాడు. ఈ జనవరి ఒకటిన అక్కడ వాగ్దాన కార్డుల పళ్ళెం తిప్పారు. కళ్ళు మూసుకుని, బైబిలు వాక్యం ఉన్న ఒక కార్డు తియ్యాలి. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే. వాడికి వచ్చిన కార్డులో ఊరికే ఉండమని ఉంది. పక్కనే ఉన్నాను, చదివాను. వాడు దాన్ని చాప కిందకి తోసేసి మళ్ళీ పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. రెండోది డేరా విశాలం చేసుకోమంది. వెంటనే మైకు పుచ్చుకుని, పెరటి గది గోడ పడగొట్టి మందిరం పెంచమని దేవుడు తనకు స్వయంగా సెలవిచ్చాడని ప్రకటించాడు. జనం స్తోత్రమన్నారు. గోడ నాది. నన్నెవరూ అడగలేదు.

గది సుజికి రాసేద్దామని అప్పుడే నిశ్చయించుకున్నాను. రాసేముందు, అలవాటు కొద్దీ, వెళ్ళి కూర్చున్నాను. పైనుంచి సరే అంటారనే ధీమా. అనలేదు. జాకబ్ చిన్నప్పటి పీట కళ్ళ ముందుకొచ్చింది. సుజిని ఆ గదిలోకి తెస్తే చాలు, కునికేది. వీడు ఆ పీట మీద, నా కొంగు వేలికి చుట్టుకుని, నేను లేచేదాకా కదిలేవాడు కాడు. నా పక్కన అలా కూర్చోగలిగింది ఈ ఇంట్లో వాడొక్కడే. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు. ఇంకేదైనా తోస్తుందేమోనని మర్నాడు వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. అదే పీట. చాప కిందకి తోద్దామంటే ఆ గదిలో చాప లేదు.

కనుక, నా ఇష్టానికి విరుద్ధంగా, పెరటి గదిని జాకబ్‌కు రాస్తున్నాను. గోడ పడగొట్టే హక్కు, లోపల మైకు పెట్టే హక్కు వాడికి లేవు. ఆ రెంటిలో ఏది చేసినా ఆ క్షణాన గది సుజిదవుతుంది.

తాళంచెవితోపాటు పీట కూడా వాడికివ్వండి. దాని మీద ఆ మొదటి కార్డు పెట్టండి. చాప ఎత్తి నేనే తీసి దాచాను.

కూర్చున్నాక మొదట్లో ఏమీ వినబడదు. భయపడి లేచి వచ్చేస్తాడు. ఏమీ వినబడకపోవడం తప్పేమీ కాదని, వాళ్ళమ్మకు కూడా చాలా ఏళ్ళు అలాగే గడిచాయని చెప్పి, మాస్టారూ, వాణ్ణి మళ్ళీ లోపలికి పంపండి.

ఇది చదువుకుని, నా మాటలేనని సరిచూసుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

అనకాపల్లి,
14 ఫిబ్రవరి 2007

(సం.) పినపోలు నూకరత్నం

సాక్షులు:
1. మళ్ల నానాజీ, బెల్లం వ్యాపారి
2. దాడి సింహాచలం, రిటైర్డ్ పోస్టుమాస్టరు